సెరంగూన్ ఒడ్డున ఇద్దరు దొరలు

ఎలిఫెంట్ సీల్ అనే జంతువు సంసారం గురించి నాకు తెలిసినంత వివరంగా సింగపూర్‌లో మేముండే టోవా పాయోలో ఇంకే ఇల్లాలికీ తెలిసి ఉండదు. కావాలని నేర్చుకున్నది కాదు. మా తమ్ముడు నేర్పించాడు. అదీ నేను ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడూ, బట్టలు మడతపెడుతున్నప్పుడూ, పారిపోవడానికి వీల్లేని సమయాలు చూసుకుని మరీ.

వాడి ఉద్యోగం సైన్స్ పార్క్‌లో ఒక చిన్న కంపెనీలో. గొంతు విని ఏ జంతువు ఏదో గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. వాడి వంతుకు ఈ సీళ్ళు వచ్చాయి. అమెరికా పడమటి తీరంలో ఎవరో చలిలో ఇసుక మీద బోర్లా పడుకుని అరుపులు రికార్డు చేసి పంపితే, వీడు ఇక్కడ ఏసీ గదిలో స్వెటర్ వేసుకుని వాటిని వింటాడు. ప్రాణమున్న ఎలిఫెంట్ సీల్‌ను ఇంతవరకూ కళ్ళతో చూసిన పాపాన పోలేదు. "మీ తమ్ముడు ఏం చేస్తాడు?" అని ఎవరైనా అడిగితే మొదట్లో నేను "సాఫ్ట్‌వేర్" అని చెప్పి మాట మార్చేసేదాన్ని.

సంగతేమిటంటే, ఈ జాతి మగది పెద్ద కారుకన్నా బరువుంటుంది. ముక్కు తొండంలా కిందికి వేలాడుతుంది. ఏటా చలికాలంలో మగవి ముందుగా ఒడ్డుకు చేరతాయి. ఆడవి వచ్చేలోగా ఆ ఇసుక ఎవరిదో తేల్చుకోవాలి మరి. ఛాతీ పైకెత్తి, ముక్కు ఉబ్బించి, ఒకదాని మొహంలో ఒకటి అరుచుకుంటాయి. అరుపుతో తేలకపోతే గుద్దుకుని, మెడలు కొరుక్కుని రక్తాలు కారేదాకా పోట్లాడతాయి. తర్వాత వచ్చిన ఆడవి గెలిచినవాడి చుట్టూ డజన్లకొద్దీ చేరి పిల్లల్ని కంటాయి, పాలిచ్చి పెంచుతాయి, తిరిగి సముద్రంలోకి వెళ్ళే ముందు వాడితో జతకడతాయి. వాడికి ఇంగ్లీషులో ఏదో పేరుందిగానీ నేను ఒడ్డు దొర అని పేరు పెట్టుకున్నాను. ఆ దొరగారు నెలల తరబడి ఏమీ తినకుండా కాపలా కాస్తాడు. తిండి కోసం నీళ్ళలోకి వెళ్ళాడంటే తిరిగొచ్చేసరికి ఒడ్డు ఇంకొకడిదైపోతుంది.

ఇదంతా మొదటిసారి విన్నప్పుడు మా ఆయన సోఫాలో వెనక్కి వాలి, "చూశావా, మగాడంటే అదీ!" అన్నారు. ఆయన ఐటీ కంపెనీలో మేనేజరు. ఫోన్లో మీటింగ్ పెడితే కింద బస్టాపులో నిలబడ్డవాళ్ళకి కూడా ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది.

"ఆ మగాడు మూడు నెలలు పస్తుంటాడు. మీకు ఇడ్లీ పావుగంట ఆలస్యమైతే చక్కెర పడిపోతోందంటారు" అన్నాను.

"బావా, అక్క చెప్పింది కరెక్టే" అన్నాడు మా తమ్ముడు. వాడితో ఉన్న చిక్కే అది. ఎక్కడ కరెక్టు కనబడినా ఊరుకోడు.

వాడు ఇంటి దగ్గర పనిచేసే రోజుల్లో ఆ అరుపులు స్పీకర్లో పెట్టేవాడు. అవి ఎలా ఉంటాయో రాసి చెప్పలేనుగానీ, పూడుకుపోయిన తూములోంచి నీళ్ళు ఒక్కసారిగా దిగుతున్నట్టుంటాయి. ఒకరోజు కింది ఫ్లాటు చైనీస్ ఆంటీ తలుపు కొట్టి, మా టాయిలెట్ పైపు పాడైందని, ఏ నిమిషానైనా తన నెత్తిన పడుతుందని గొడవ చేసింది. వెనకాలే ప్లంబరును కూడా తెచ్చుకుంది. ఆయన మా బాత్రూం గోడకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. అది పైపు కాదు, ప్రేమ వ్యవహారం అని ఆయనకు నచ్చజెప్పడానికి మా తమ్ముడు లాప్‌టాప్ తెచ్చి వీడియో చూపించాల్సి వచ్చింది. ఆంటీ వీడియో ఆసాంతం చూసి, తన మొగుడు కూడా అచ్చం ఇంతేనని చెప్పి వెళ్ళింది.

ఆ అరుపుల్లో ఏముందని అడిగితే వాడి కళ్ళు మెరుస్తాయి. ప్రతి మగదాని అరుపుకీ దానిదైన లయ ఉంటుందట. ఒకసారి తన్నులు తిన్నది ఆ లయను గుర్తుపెట్టుకుని, మళ్ళీ చెవినబడగానే మర్యాదగా పక్కకు తప్పుకుంటుందట. అందువల్ల చాలా తగాదాలు కొట్టుకునేదాకా రాకుండా గొంతులతోనే తేలిపోతాయట.

ఇంత తెలిసినవాడికి సొంత పెళ్ళి మాత్రం తేలలేదు. మా అమ్మా నాన్నా వాడి ఇంటర్ పూర్తయ్యేలోగా ఒకరి తర్వాత ఒకరు పోయారు. అప్పటినుంచీ వాడు మా దగ్గరే. మా ఆయనే చదివించారు, మా ఆయనే సింగపూర్ తెచ్చారు, సంబంధాలు కూడా ఆయనే చూస్తున్నారు. ఎవరైనా బావమరిది అని పరిచయం చేస్తే "మా అబ్బాయి" అని దిద్దేవారు. కానీ ఏ సంబంధమూ కాఫీ దాటి ముందుకు పోలేదు. అడిగిన ప్రశ్నకు వీడు ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పడమే కారణం. హైదరాబాదువాళ్ళు ఒకరు "సీళ్ళలో అన్నిటికీ జోడీ దొరుకుతుందా బాబూ?" అని ఏదో మాట కలపడానికి అడిగారు. వీడు మైసూర్‌పాక్ పక్కన పెట్టి, "లేదండీ. మగవాటిలో చాలావాటికి జీవితంలో ఒక్కసారి కూడా అవకాశం రాదు. ఊరికే ఒడ్డు చివర కూర్చుని చూస్తుంటాయి" అన్నాడు. పిల్ల నాయనమ్మకు పొలమారింది. వాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

గుడిలో ప్రసాదం వరసలో పరిచయమైన ఒకావిడ మా ఊళ్ళోనే సెరంగూన్ పేటలో ఒక సంబంధం చెప్పింది. అమ్మాయి ఫిజియోథెరపిస్ట్. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి పుట్టింది మలేషియాలో, పేరాక్ వైపు. వయసులో ఉండగా పనికోసం ఇటు వచ్చి, ఏసీలు బిగించే వ్యాపారం పెట్టి, కూతుర్ని ఒక్కడే పెంచాడు. వాళ్ళ తాతముత్తాతలది విశాఖపట్నం వైపట. ఫోన్లో ఆయన "హలో" అనగానే నేను ఫోను చెవికి దూరంగా పెట్టాను. మా ఆయనకు సరిజోడు దొరికాడనిపించింది. అనుకున్నందుకు తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం బిషాన్‌లో రైలు మారి వెళ్ళాం. స్టేషన్‌నుంచి వాళ్ళ బ్లాకు దాకా నడిచేసరికి మా ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. దారి పొడుగునా నేను తమ్ముడికి పాఠం చెబుతూనే ఉన్నాను. సీళ్ళ అంతఃపురం మాట ఎత్తకు. ఎవరికి జోడీ దొరుకుతుందో లెక్కలు చెప్పకు. అడిగినదానికి అవును, కాదు అను చాలు. వాడు తలూపాడు.

వాళ్ళ హాలు చుట్టాలతో కిటకిటలాడుతోంది. ఆయన అప్పచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు పొద్దున్నే మలేషియా సరిహద్దు అవతలి జొహోర్‌నుంచి దిగారట. సోఫాలు నిండిపోయాయి, ప్లాస్టిక్ స్టూళ్ళు కూడా నిండిపోయాయి. సరిగ్గా ఫ్యాను కింద పేము కుర్చీ ఒకటి మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద ఒక టిష్యూ పొట్లం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో భోజనానికి వెళ్తే, తిండి తెచ్చుకోవడానికి లేచే ముందు బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి పోతారు. అంటే ఆ చోటు చోప్ అయిపోయిందని, ఎవరూ కూర్చోకూడదని. మా ఆయనకు ఇది తెలియక కాదు. పదిమంది క్యూలో నిలబడి కాళ్ళు పీకుతున్నా పొట్లమున్న బల్లను ముట్టుకోని మనిషి ఆయన. కానీ ఎవరింట్లోనైనా, వాళ్ళ సొంత కుర్చీని టిష్యూ పొట్లంతో చోప్ చేస్తారని ఎవరికి తడుతుంది? చెమటతో వచ్చిన పెద్దమనిషి కోసం మర్యాదగా పెట్టారనుకున్నారు. పొట్లం తీసి, కుర్చీలో కూలబడి, దాన్ని చింపి, మొహం తుడుచుకున్నారు.

అప్పుడే వంటింట్లోంచి బయటికొచ్చిన పెళ్ళికూతురి తండ్రి గుమ్మంలో ఆగిపోయారు. భారీ మనిషి. చేతిలో మురుకుల పళ్ళెం ఉంది.

"ఆ కుర్సీ..." అన్నారు.

"బాగుందండీ, గాలి బాగా తగుల్తోంది" అన్నారు మా ఆయన, ఇంకో టిష్యూ లాగి మెడ తుడుచుకుంటూ. "ఏసీ కూడా వేస్తే ఇంకా బాగుంటుంది."

"ఏసీ రిపేరు" అన్నారాయన.

మా ఆయన నవ్వారు. అసలు ముప్పు అక్కడే వచ్చింది. "ఏసీ మెకానిక్ ఇంట్లోనే ఏసీ పనిచెయ్యదా?" అని ఆయన హాస్యం కోసమే అన్నారు. జొహోర్ చుట్టాలు ఎవరూ నవ్వలేదు.

"మెకానిక్ కాదు. కాంట్రాక్టరు. రెండు వ్యాన్లు ఉన్నాయి నాకు" అన్నారు తండ్రిగారు. గొంతు ఒక మెట్టు పైకి వెళ్ళింది. మా ఆయన, తన కింద ఎంతమంది పనిచేస్తారో చెప్పి ఇంకో మెట్టు ఎక్కారు. ఆయన ఎయిర్‌పోర్ట్‌కు ఏసీలు పెట్టానన్నారు. ఈయన అదే ఎయిర్‌పోర్ట్‌నుంచి మంత్రులతో కలిసి ప్రయాణం చేశానన్నారు. నాకు తెలిసి ఆ మంత్రి విమానంలో ఎక్కడో ముందు కూర్చున్నాడు. ఇద్దరూ ఛాతీలు ముందుకు పెట్టి అరుచుకుంటుంటే పైకప్పు ఫ్యాను కూడా నెమ్మదించినట్టనిపించింది.

ఈ గందరగోళంలో పెళ్ళికొడుకుకు కూర్చోవడానికి చోటు లేదు. వాడు వెతుక్కుని వెతుక్కుని వీధి గుమ్మం పక్కన, చెప్పులు తొడుక్కునేందుకు పెట్టిన పొట్టి స్టూలు మీద సర్దుకున్నాడు. ఒక పక్క చెప్పుల రాక్, ఇంకో పక్క గొడుగులు. అమ్మాయి కాఫీ కప్పులు పట్టుకుని వచ్చింది. దొరలిద్దరూ ఆమెను చూడలేదు. నాకు కప్పు ఇస్తూ, "ఇంకొంచెం పంచదార కావాలా అక్కా?" అంది. ఆంటీ అనలేదు. అక్కడే నాకు నచ్చేసింది. తర్వాత ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి మా తమ్ముడికి ఆఖరి కప్పు అందించి, చోటు లేక అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది.

నా స్టూలు సరిగ్గా మధ్యలో ఉంది. ఒక చెవిలో యుద్ధం, రెండో చెవిలో వీళ్ళు.

"మీరు సీల్స్ మీద పనిచేస్తారని విన్నాను. నాన్న ఇప్పుడు చేస్తున్నది కూడా అదేనా?" అంది అమ్మాయి.

"మీ నాన్నగారూ, మా బావగారూ ఇద్దరూ" అన్నాడు వీడు. "కానీ పోలిక పూర్తిగా సరిపోదండీ. వాటికి ఇంకా తక్కువ మాటల్లో అయిపోతుంది."

ఆమె నవ్వింది. "మరి ఆడవాళ్ళకి ఛాయిస్ ఏం లేదా? గెలిచినవాడే బాస్ ఆ?"

నేను గట్టిగా దగ్గాను. వాడు వినిపించుకోలేదు. "ఉందండీ. నచ్చనివాడు దగ్గరికొస్తే ఆడది గట్టిగా అరుస్తుంది. అది విని పెద్దవాడు వచ్చి వాణ్ణి తరిమేస్తాడు. కొందరు చిన్నవాళ్ళు అందుకే ఒడ్డు అంచున, దారి పక్కన కూర్చుని చూస్తుంటారు."

"ఇప్పుడు మీరు కూర్చున్నట్టు?"

వాడు చెప్పుల రాక్ వైపు, గొడుగుల వైపు చూసుకున్నాడు. "అవునండీ."

"అయితే ఇప్పుడు నేను అరవాలా?"

"మీ ఇష్టం అండీ" అన్నాడు మా తమ్ముడు, చెవులదాకా ఎర్రబడి. ఆమె అరవలేదు. నవ్వు ఆపుకోవడానికి కప్పు మూతికి అడ్డం పెట్టుకుంది. వాణ్ణి పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను, ఒక ఆడపిల్ల ముందు వాడు అంత హాయిగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈ సంబంధం కుదిరిపోవాలని నాకు అప్పటికప్పుడు ప్రాణం కొట్టుకుంది.

అంతలో ఆమె ఇంకో ప్రశ్న వేసింది. "ఆ పెద్దాయన ముసలివాడైతే ఏమవుతాడు?"

అబద్ధం చెప్పరా అని మనసులో మొక్కుకున్నాను. వీడు ఉన్నమాటే చెప్పాడు. "ఇంకొకడెవడో ఓడిస్తాడు. ఒంటరిగా సముద్రంలోకి వెళ్ళిపోతాడు. చాలామంది మళ్ళీ ఒడ్డుకు రారు."

అమ్మాయి తలతిప్పి హాల్లో అరుస్తున్న తండ్రి వైపు చూసింది. నవ్వు పోయింది. ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అదే సమయానికి అవతల కూడా అంతా అయిపోయింది. "ఇన్నేళ్ళుగా సింగపూర్లో ఉంటన్నారు, చోప్ అంటే ఏటో తెలీదా మీకు?" అని ఆయన అరిచారు. "మర్యాద అంటే ఏమిటో మీకు తెలుసా?" అని మా ఆయన లేచారు. మురుకులు పళ్ళెంలోనే ఉండిపోయాయి. నేను అందరికీ దండాలు పెట్టుకుంటూ చెప్పులు వెతుక్కున్నాను.

రైల్లో మా ఆయన ఎదుటి కిటికీలో తన మొహం తాను చూసుకుంటూ కూర్చున్నారు. "ఆ మనిషి వచ్చి సారీ చెప్పేదాకా ఆ గడప తొక్కను" అన్నారు. అటునుంచి మర్నాడే కబురొచ్చింది, ఆ పెద్దమనిషి తమ ఇంటికి వచ్చి తప్పు ఒప్పుకుంటే తప్ప మాటల్లేవని. ఎవరు పట్టిన పట్టు వాళ్ళది. మా తమ్ముడికి మాత్రం అమ్మాయి దగ్గర్నుంచి విడిగా మెసేజ్ వచ్చింది. నాకు చూపించాడు. "మీరు నాకు నచ్చారు. కానీ మా నాన్నను ఒంటరిగా వదిలి నేను రాలేను. మీరే చెప్పారు కదా, వాళ్ళు తిరిగి రారని."

"ఎందుకు చెప్పావురా అది?" అన్నాను.

"అడిగింది అక్కా."

వాడు తిండి తగ్గించేశాడు. స్పీకర్లో అరుపులు పెట్టడం మానేశాడు. కింది ఆంటీ కూడా లిఫ్టులో నన్ను ఆపి, పైపు బాగయిందా అని అడిగింది. వాడికి ఆ అమ్మాయి కావాలి. ఇంతవరకు ఏది కావాలనీ నన్ను అడగని పిల్లాడు. దొరలిద్దరి మీదా నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆ వారం మా ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడు చేశాయి.

చివరికి ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేసి, మా బ్లాకు దగ్గర హాకర్ సెంటర్‌కి రమ్మన్నాను. తమ్ముణ్ణి తోడు తీసుకెళ్ళాను, నిజానికి వాడికే నేను తోడు. అమ్మాయి క్లినిక్ బట్టల్లోనే వచ్చింది. కూర్చోగానే, "అక్కా, ఆ కుర్చీ సంగతి మీకు తెలుసా?" అంది.

తెలియదన్నాను.

"అది మా నాన్న కుర్చీ. ఎవర్నీ కూర్చోనివ్వడు. ఆ రోజు పొద్దున మా అత్తవాళ్ళ పిల్లలు ఎక్కుతుంటే తరిమి తరిమి, పెళ్ళికొడుకు కోసమని తనే చోప్ చేశాడు. ఫ్యాన్ కింద కూర్చోవాలి, ఎండలో వస్తాడు పాపం అని. ఇప్పటిదాకా ఏ సంబంధానికీ అలా చెయ్యలేదు."

 మా తమ్ముడు చెంచా పక్కన పెట్టేశాడు.

అమ్మాయి వాణ్ణే చూస్తూ అడిగింది. "మీ సీల్స్‌లో తన చోట ఇంకొకణ్ణి కూర్చోనిచ్చే మగవాడు ఎవడైనా ఉంటాడా?"

"లేడండీ. ఒక్కడు కూడా ఉండడు."

"మరి నాన్న, మీరు ఒకచోట ఎలా?"

"నేను సీల్‌ను కాదు కదండీ" అన్నాడు మా తమ్ముడు.

నేను మాత్రం పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను. వాడు తడబడుతూనే చెప్పుకొచ్చాడు. పెళ్ళి చేసుకుంటే ఇక్కడ అందరిలాగే ప్రభుత్వం లాటరీలో ఇచ్చే కొత్త ఫ్లాటుకు అప్లై చేస్తారు కదా, సెరంగూన్‌లోనే చేద్దాం, వాళ్ళ నాన్న బ్లాకుకు నడిచి వెళ్ళేంత దగ్గరలో, దొరికేదాకా చేస్తూనే ఉందాం, రాత్రి భోజనం ఆయనతోనే. అమ్మాయి అంతా విన్నది. తర్వాత, "మంచి ఐడియానే. కానీ నాన్నకి నేను చెప్పను. మీరు చెప్పాలి. నాన్న అరుస్తాడు లాహ్, రెడీ?" అంది ఇక్కడివాళ్ళ యాసలో.

వాడు రెడీ అన్నాడు.

ఇంటికొచ్చి కుర్చీ సంగతి మా ఆయనకు చెప్పాను. అరుస్తారనుకున్నాను. టీవీ కట్టేశారు. "పెళ్ళికొడుకు కోసమా?" అన్నారు ఒకసారి. తర్వాత టిఫిను వద్దన్నారు. మర్నాడు పొద్దున షేవ్ చేసుకుంటూ, అద్దంతో చెబుతున్నట్టుగా, "శనివారం సెరంగూన్ వెళ్దాం. తప్పు నాదని కాదు. వాడికి తండ్రి స్థానంలో నేను వెళ్ళకపోతే ఇంకెవరు వెళ్తారు?" అన్నారు.

శనివారం తలుపు తీయగానే మంచు గాలి మొహాన కొట్టింది. ఏసీ బాగైంది. బాగవడమేమిటి, అడుగంటా తిప్పేసి ఉంది. ఈసారి చుట్టాలు లేరు, ఇల్లంతా ఖాళీ. తండ్రిగారు స్వెటర్ వేసుకుని హాలు మధ్యలో నిలబడి ఉన్నారు. "ఇప్పుడు సరిపోయిందా గాలి?" అన్నారు.

"చాలా బాగుందండీ" అన్నారు మా ఆయన పళ్ళు టకటకలాడుతుండగా.

పేము కుర్చీ అక్కడే ఉంది. దాని మీద ఏమీ లేదు. అయినా ఎవరూ దాని జోలికి పోలేదు. అది తప్పించి సోఫాలో కూర్చుంటే ఏమనుకుంటారోనని మా ఆయన నిలబడ్డారు. అతిథి నిలబడి ఉంటే తను కూర్చోలేక ఆయన నిలబడ్డారు. పెద్దవాళ్ళు నిలబడ్డారని మేమంతా నిలబడ్డాం. బస్సు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళలా ఐదుగురం ఆ చలిలో చేతులు కట్టుకుని నిలబడి క్షేమసమాచారాలు మాట్లాడుకున్నాం. మోకాళ్ళు లాగుతున్నాయి. మా ఆయన రెండుసార్లు "ఆ రోజు..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. మూడోసారి, "ఆ రోజు ఆ చోటు మా వాడిదని నాకు తెలియలేదండీ. తెలిస్తే నేలమీద కూర్చునేవాణ్ణి" అని ఒక్క గుక్కలో అనేశారు.

ఆయన ముక్కులోంచి ఏదో శబ్దం చేశారు. ఒప్పుకున్నట్టో కానట్టో నాకు తెలియలేదు. అమ్మాయి మా తమ్ముడి వైపు చూసింది. వాడు ముందుకొచ్చి ఫ్లాటు సంగతి చెప్పాడు. దగ్గర్లోనే ఉంటామని, రోజూ కలిసి భోంచేద్దామని, ఆయనకు ఇబ్బంది లేకుండా చూసుకుంటామని.

చూసుకుంటామన్న మాట దగ్గర ఆయన మొహం మారిపోయింది.

"ఎవుర్ని సూసుకుంటారు? నన్నా?" ఆ గొంతుకు కిటికీ అద్దం అదిరింది. "నానేం ముసిలోణ్ణి అయిపోనానా? ఇయ్యాల్టికీ నిచ్చెనెక్కి ఏసీలు దించుతున్నాను. ఆ పిల్లకి జడేసి ఇస్కూలుకి పంపినోణ్ణి నాను. ఒక్కణ్ణీ పెంచినాను. నన్ను సూసుకోడానికి ఎవడో రావాలేటి?" అని మా తమ్ముడి దగ్గరికి వచ్చి, ఛాతీ ఛాతీ తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. "సెప్పు బాబూ. నాను ఒక్కణ్ణీ ఉండలేనా?"

అయిపోయిందనుకున్నాను. మా ఆయన ఒకడుగు ముందుకు వేశారు. అమ్మాయి మొహం పాలిపోయింది. వీడు ఈ జన్మలో ఒక్క అబద్ధం నేర్చుకుని ఉంటే ఎంత బాగుండేదో.

"ఉండగలరు అంకుల్" అన్నాడు మా తమ్ముడు. వెనక్కి జరగలేదు, గొంతూ పెంచలేదు. "మీరు ఉండగలరు. నేనే ఉండలేను. మా నాన్న పోయాక నాకోసం పోట్లాడే మనిషి మా బావ ఒక్కరే. కాలేజీలో, వీసా ఆఫీసులో, ఆఖరికి మీ ఇంట్లో కూడా నాకోసమే పోట్లాడారు. అలాంటివాళ్ళు ఇంకొకరు ఉంటే బాగుంటుందనిపించింది. అందుకే దగ్గర్లో ఉండాలని అడుగుతున్నాను. మీకోసం కాదు."

మా ఆయన ఉన్నట్టుండి గోడ మీది ఏసీ వైపు తిరిగి, దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూడటం మొదలుపెట్టారు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

"నాన్నా, నాకు ఓకే" అంది అమ్మాయి. "నువ్వు ఎంత అరిచినా నాకు ఓకే."

ఆయన కూతుర్ని చూశారు. మా తమ్ముణ్ణి కింది నుంచి పైదాకా చూశారు.  

"ఒరే" అన్నారు చివరికి.

మా తమ్ముడు తలెత్తాడు.

"ఒరే, పడమటెండ కొట్టీ సైడు ఫ్లాటు తీసుకున్నావంటే సూడు! మజ్జాన్నం ఇల్లు పెనంలా కాలిపోద్ది, ఏ ఏసీ పెట్టినా సల్లబడదు. నన్నడక్కుండా ఏదీ ఒప్పుకోవద్దు. ఇన్నావా?"

నాన్న పోయాక వాణ్ణి ఒరే అని పిలిచిన మగమనిషి లేడు. మా ఆయన పేరు పెట్టి పిలుస్తారు, బావమరిదికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలంటారు. వాడు గట్టిగా తలూపాడు, పదో తరగతిలో నాన్న ముందు ఊపినట్టు.